నాలుగో జ్వరం

కర్నూలు,
3 నవంబరు 2024.

చెన్నమ్మ అత్తకు,

నేను నేత్రను. మీ తమ్ముడు రవీంద్ర కూతుర్ని. తాత పోయినప్పుడు సాదలికి వచ్చాను, అప్పుడు నాకు ఏడేళ్ళు. ఆ తర్వాత మల్బరీ తోట అమ్మాలని నాన్న, అమ్మకూడదని మీరు మాటామాటా అనుకున్నారని, అందుకే మేము మళ్ళీ రాలేదని అమ్మ చెప్పింది. ఆ సంగతి పెద్దవాళ్ళది. నేను వేరే పని మీద రాస్తున్నాను.

ఇల్లు ఈ ఊర్లోనే అయినా, హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫోన్లు ఉంచుకోనివ్వరు. ఆదివారం వార్డెన్ ఫోన్లో ఇంటికి ఐదు నిమిషాలు మాట్లాడిస్తారు. వెనకాల వరుసలో నిలబడ్డవాళ్ళు మన మాటలన్నీ వింటారు. మీకేమో ఫోన్లో మాట వినపడదని లోకేశ్ బావ నాన్నతో చెప్పాడట. అందుకని మనిద్దరికీ ఉత్తరమే గతి.

చిక్కబళ్ళాపురం దాటాక కొండ కింద ఒక చిన్న కాలేజీ ఉంది. మా ఇంగ్లీషు మేడం దాని గురించి చెప్పింది. అక్కడ చరిత్ర చదివేవాళ్ళు లెక్కలు కూడా చదవచ్చు, లెక్కలవాళ్ళు కవిత్వం చదవచ్చు. మొత్తం పిల్లలు మా హాస్టల్లో ఒక అంతస్తు మందే ఉంటారు. నాకు ఇంజనీరింగ్ వద్దు అత్తా. అక్కడ చదవాలని ఉంది. చేరాలనుకునే పిల్లలు డిసెంబరు 14, శనివారం వచ్చి కాలేజీ చూసుకోవచ్చు. వెంట ఇంటి పెద్దవాళ్ళు ఒకరు రావాలి, వాళ్ళతోనూ మాట్లాడతారట.

నాన్న రానన్నాడు. "మనవాళ్ళు ఎవరూ లేని చోట నిన్ను వదలను" అన్నాడు. "అత్త ఉంది కదా" అన్నాను. "ఉంటే రాసి చూడు" అన్నాడు చివరికి. నాతో మీరు వస్తారా?

ఇంకొకటి అడగాలి. మీ ఇంట్లో పడుకున్న రోజు వాన చప్పుడు విని లేచాను. బయటికి వచ్చి చూస్తే నేల పొడిగా ఉంది. ఆ సంగతి ఎవరికి చెప్పినా కల అంటారు. అది కలేనా?

మీ మేనకోడలు,
నేత్ర


సాదలి,
12 నవంబరు 2024.

అమ్మా నేత్రా,

పోస్టు మునికృష్ణప్ప గేటు దగ్గర నిలబడి ఎంత అరిచాడో ఏమో, నాకు తెలియదు. చెవిటిదాని ముందు శంఖం ఊది ఊది విసిగి, చివరికి లోపలికే వచ్చి నా ముఖం ముందర కవరు ఆడించాడు. కోర్టు కాగితమేమో అని భయపడ్డాను. విప్పితే కోడలు.

ముందు ఒక మాట. నన్ను మీరు గీరు అనొద్దు. నేనేమన్నా తహసీల్దారునా? అత్తను నువ్వు అనాలి. బడిలో నేను చదివింది కన్నడం. తెలుగు అక్షరాలు మా నాయన పలక మీద దిద్దించాడు. "మాట్లాడేది ఎట్లన్నా మాట్లాడు, రాసేటప్పుడు పుస్తకంలో ఉండేటట్ల రాయాల" అనేవాడు. నాకు వచ్చిన పుస్తకం భాష ఇంతే.

మీ మామ పోయినాక నేను ఈ పుట్టింటికే వచ్చి, ఈ తోటనే పట్టుకుని ఉన్నాను. లోకేశు బెంగళూరులో కంపెనీ పని. నెలకోసారి వస్తాడు, వచ్చినా ఫోను చూసుకుంటాడు. నీ కాలేజీ సంగతి వానికి చూపిస్తే నవ్వాడు. "ఆర్ట్సా? మార్కులు రానోళ్ళు తీసుకునేది కదమ్మా" అన్నాడు. నీ మార్కులు ఎన్ని అని నేను వాడిని అడిగాను. మళ్ళీ నవ్వలేదు.

వస్తాను. చిక్కబళ్ళాపురం బస్టాండులో దిగు, అక్కడ ఉంటాను. మీ నాయనకు చెప్పు, అక్క చచ్చిపోలేదని.

నువ్వు విన్నది కల కాదు, వాన కూడా కాదు. పట్టుపురుగులు ఆకు తినే చప్పుడు. పెద్దవైనాక అవన్నీ ఒక్కసారిగా తింటే కప్పు మీద చినుకులు పడినట్టే ఉంటుంది. నాకు ఇప్పుడు అది వినపడదు. పురుగుల తట్ట అంచున చెయ్యి పెట్టి, అదిరితే తింటున్నాయి, లేకపోతే లేదు అని తెలుసుకుంటాను. చెవులు పోయినందుకు వేరే ఏ చింతా లేదు. జనం మాట్లాడేదాంట్లో సగం వినకపోయినా నష్టం లేదు. ఆ చప్పుడు ఒకటి పోయిందే అని ఉంటుంది. నువ్వు వచ్చి విని, ఇంకా అట్లే ఉందా అని చెప్పు.

అవసరంలో రాసినాను, అక్షరాలు వంకరపోయాయి. సరిచేసుకుని చదువుకో.

మీ అత్త,
చెన్నమ్మ


కర్నూలు,
22 నవంబరు 2024.

అత్తా,

నీ ఉత్తరాన్ని స్టడీ అవర్లో రసాయనశాస్త్రం పుస్తకంలో పెట్టుకుని చదివాను. లోకేశ్ బావ మార్కుల దగ్గర నవ్వు ఆగలేదు. నిలబెట్టారు. పోనీలే.

ఇక్కడ పొద్దున లేచింది మొదలు గంటలే. లేవడానికి గంట, తినడానికి గంట, చదవడానికి గంట. గదిలో ఆరుగురం ఉంటాం కానీ మాట్లాడుకునేది ర్యాంకుల గురించే. ఇంతమంది మధ్యలో ఒంటరిగా ఉన్నానంటే నమ్ముతావో లేదో తెలియదు. నువ్వు నమ్ముతావనే అనిపిస్తోంది.

నాన్నకు నీ మాట చెప్పాను. "అక్క చచ్చిపోలేదని చెప్పమంది" అంటే, "ఆమె మాటలు అట్లే ఉంటాయి" అన్నాడు. కోపంగా మాత్రం అనలేదు. నువ్వు నాతో కాలేజీకి వస్తే, ఆ చుట్టుపక్కల నాకు ఒక మనిషి ఉందని కళ్ళతో చూసినట్టు ఉంటుందని, అప్పుడు ఆలోచిస్తానని అన్నాడు. అంటే అంతా నీ చేతిలో ఉంది.

నాకొక ఆలోచన వచ్చింది. శనివారం దాకా ఎందుకు, శుక్రవారమే మీ ఇంటికి వచ్చేస్తాను. ఆ రాత్రి పురుగుల చప్పుడు విని నీకు చెబుతాను. మర్నాడు ఇద్దరం కలిసి కాలేజీకి పోదాం. సరేనా? వెంటనే రాయి. రోజూ ఆఫీసు కిటికీ దగ్గర పోస్టు చూస్తుంటాను.

నీ నేత్ర


సాదలి,
5 డిసెంబరు 2024.

అమ్మా నేత్రా,

నీ ఉత్తరం నిన్న అందింది. ఆకు కోసేదానికి మనుషులు దొరకక నేనే తోటలో ఉన్నాను. రెండు ముక్కలే రాస్తాను, మునికృష్ణప్ప వాకిట్లో నిలబడి ఉన్నాడు.

నువ్వు శుక్రవారమే వచ్చేదానికి అవసరం లేదు. ఆ పొద్దుకు ఇంట్లో నాలుగో జ్వరం ఉంటుంది. అట్లాంటప్పుడు బయటివాళ్ళను లోపలికి రానిచ్చేది లేదు. నీ కాలేజీ నువ్వు చూసుకో. ఇంటికి వచ్చేదానికి ఏమీ అవసరం లేదు.

అందరినీ అడిగానని చెప్పు.

మీ అత్త,
చెన్నమ్మ


కర్నూలు,
17 డిసెంబరు 2024.

చెన్నమ్మ అత్తగారికి,

నమస్కారం. మీ ఇంట్లో జ్వరం తగ్గిందని అనుకుంటాను.

మీ ఉత్తరం నేను బయలుదేరే ముందు అందింది. అవసరం లేదన్న తర్వాత ఎవరైనా ఎందుకు వస్తారు? నాన్నకు చెప్పలేదు. చెబితే ప్రయాణమే ఆపేసేవాడు. అత్త బస్టాండుకు వస్తుందని అబద్ధం చెప్పి, శుక్రవారం రాత్రి బస్సెక్కి, తెల్లవారుతుండగా దిగి, బస్టాండులో నిలబడకుండా ఆటోలో నేరుగా కాలేజీకి పోయాను.

కాలేజీ బాగుంది. ఎంత బాగుందంటే చూడకుండా ఉంటే మేలనిపించింది. గేటు దగ్గర మాకు మెడలో వేసుకోవడానికి కార్డులు ఇచ్చారు. నా పేరుతో రెండు ఉన్నాయి. ఒకదాని మీద "నేత్ర", రెండోదాని మీద "నేత్ర కుటుంబం". ఒకటి వేసుకుని రెండోది సంచిలో పెట్టుకున్నాను. వినుత అని రెండో సంవత్సరం అమ్మాయి నాకు అంతా తిప్పి చూపించింది. వాళ్ళ ఊరు మీ వైపే, జంగమకోటె. "యాడ నుంచి వస్తాండావు? ఒక్కదానివే వచ్చినావా?" అని అడిగింది. అచ్చం మీరు మాట్లాడినట్టే ఉంటుందేమో అనుకున్నాను. మా అత్తకు జ్వరం అని చెప్పాను. "అయ్యో పాపం" అంది. తర్వాత ఎవరు అడిగినా అదే చెప్పాను.

మధ్యాహ్నం మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఒక మేడం పాఠం చెప్పింది. పాఠం అంటే ప్రశ్నే. మీకు గుర్తున్న మొదటి చప్పుడు ఏది అని అడిగింది. ఒకబ్బాయి రైలు అన్నాడు, ఒకమ్మాయి వాళ్ళమ్మ గాజులు అంది. నాకు నోటిదాకా వచ్చింది. కానీ అది మీ ఇంటి చప్పుడు. బయటిదాన్ని, దాన్ని వాడుకోవడం ఎందుకని ఏమీ గుర్తు లేదని చెప్పాను.

పెద్దవాళ్ళతో మాట్లాడే సమయంలో నన్ను ఒక గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి టీ ఇచ్చారు. జనవరి ఆఖరులోపు ఇంటివాళ్ళు ఎప్పుడు వచ్చినా మాట్లాడతామన్నారు, దరఖాస్తుకూ అదే గడువు అన్నారు. నేను సరేనన్నాను. పెట్టను. నాన్న చెప్పిందే నిజం, మనవాళ్ళు ఎవరూ లేని చోటు అది.

ఒకటి మాత్రం అడుగుతాను. వారం ముందే తేదీ చెప్పి వచ్చే జ్వరాన్ని నేనెక్కడా చూడలేదు. వద్దంటే వద్దని రాసి ఉంటే సరిపోయేది.

ఇంక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను.

ఇట్లు,
నేత్ర


సాదలి,
26 డిసెంబరు 2024.

నేత్రా,

జ్వరం ఎవరికే? పురుగులకు.

పట్టుపురుగు నాలుగు సార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి కదలకుండా కూర్చుంటుంది. దాన్ని మేము జ్వరం అంటాం. మొదటి జ్వరం, రెండో జ్వరం, అట్లా నాలుగు. అదేమన్నా మనుషుల జ్వరమా చెప్పా పెట్టకుండా వచ్చేదానికి? పురుగులు పెట్టిన రోజే చెప్పొచ్చు, ఏ పొద్దుకు ఏ జ్వరం అని. ఆ పొద్దుల్లో పౌడరు పూసుకున్నోళ్ళు, బస్సులో వచ్చినోళ్ళు ఎవరైనా సరే పురుగుల ఇంట్లోకి పోకూడదు. లోకేశు కూడా పోడు. శుక్రవారం వస్తే నీకు ఏమీ వినపడదు, అన్నీ మూగగా కూర్చుని ఉంటాయి. శనివారానికి జ్వరం లేచి మేత మీద పడతాయి, అప్పుడు తీసుకుపోదామని నేను.

నిన్ను రావద్దని నేను యాడ రాసినాను? అవసరం లేదు అనే కదా రాసింది. నిదానంగా రా, ముందు కాలేజీ చూసుకో, తర్వాత ఇంటికి అని. దానికి ఇంత కోపమా?

పొద్దున్నే పోయి చిక్కబళ్ళాపురం బస్టాండులో కూర్చున్నాను. ముందే రాశాను కదా ఉంటానని. కర్నూలు బస్సు ఏదో చదివి తెలుసుకోవాలి, ఎవరన్నా పిలిస్తే నాకు వినపడదు. అందుకని బస్సులు మలుపు తిరిగే చోట ఎండలో నిలబడ్డాను. ఒబ్బట్లు చేసి డబ్బాలో పెట్టుకున్నాను. జడ వేసుకున్న ప్రతి పిల్లనూ ముఖం చూశాను. ఒకామె భయపడి పిల్లను పక్కకు లాక్కుంది. సాయంత్రం దాకా చూసి, మేత వేళ తప్పితే పురుగులు చస్తాయని వచ్చేశాను. ఒబ్బట్లు ఆవుకు పెట్టాను, నాకు దిగలేదు.

మీ నాయనే ఆపేసి ఉంటాడనుకున్నాను. ఇంటికి వచ్చి వానిని నోటికి వచ్చినట్టు తిట్టుకున్నాను. పాపం వానికి ఏమీ తెలియదని ఇప్పుడు తెలిసింది. తిట్టినది వెనక్కి తీసుకునేదానికి లేదు, ఎవరూ వినలేదు కాబట్టి సరిపోయింది.

నువ్వు అత్తగారు అని రాసినావు. అది చదివినాక ఉత్తరం పక్కన పెట్టి, చాలాసేపటికి మళ్ళీ తీశాను. నాకు బాధయింది నేత్రా.

చెన్నమ్మ


కర్నూలు,
5 జనవరి 2025.

అత్తా,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "అవసరం లేదు అనే కదా రాసింది, నిదానంగా రా అని." అర్థం కాలేదు. నీ మొదటి ఉత్తరం తీశాను. చివర్లో "అవసరంలో రాసినాను, అక్షరాలు వంకరపోయాయి" అని ఉంది. అప్పుడు ఏదో అవసరంగా రాసి ఉంటావని దాటేశాను.

ఈరోజు ఆదివారం. నాన్న ఫోన్ ఎత్తగానే ఎట్లా ఉన్నావని కూడా అడగనివ్వలేదు. "నాన్నా, సాదలిలో అవసరం అంటే ఏమిటి?" అన్నాను. వరుసలో వాళ్ళందరూ నా వైపు చూశారు. "అవసరం అంటే... తొందర" అన్నాడు. "కన్నడంలో అంతే కదా. మా ఊర్లో తెలుగులోనూ అట్లే అంటారు. నేనూ అట్లే అనేవాణ్ణి. కర్నూలు వచ్చిన కొత్తలో షాపులో అంటే నవ్వారు, మానేశాను." తర్వాత నాతో కాకుండా ఎవరితోనో అన్నట్టు అన్నాడు, మన ఊరి మాటల్లో. నాన్న అట్లా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "మా యక్క ఎప్పుడూ అంటా ఉండేది. నన్ను బడికి చెయ్యి పట్టుకోని పిలుచుకోని పోతా ఉంటే, అవసరం లేదు నడువు రా. గొంతుకు అడ్డం పడతాది, అవసరం లేదు తిను రా. అంతా నిదానమే ఆయమ్మకు."

ఐదు నిమిషాలు అయిపోయాయి, వార్డెన్ ఫోన్ తీసుకుంది.

అత్తా, మా దగ్గర అవసరం అంటే కావలసింది. అవసరం లేదంటే, అక్కర్లేదని. నువ్వు తొందరేమీ లేదమ్మా అని రాస్తే, నువ్వు నాకు అక్కర్లేదని నేను చదువుకున్నాను. మా ఊరివాళ్ళు ఎవరు చదివినా అట్లే చదువుతారు. జ్వరం సంగతి సరే, అది పురుగుల మాట. అవసరం ఇంటి మాట కదా. దానికి ఇంకో అర్థం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

నువ్వు ఎండలో నిలబడిన సమయానికి నేను కొండ అవతల ఒక గదిలో ఒక్కదాన్నే టీ తాగుతున్నాను. ఆ రెండో కార్డు ఇంకా నా సంచిలోనే ఉంది.

దరఖాస్తు పెట్టమంటావా? ఇంటి పెద్దవాళ్ళు వెళ్ళి మాట్లాడకపోతే వాళ్ళు తీసుకోరేమో. నాకు ఇక్కడ పరీక్షల దాకా సెలవు ఇవ్వరు. ఏం చేయాలో తెలియడం లేదు.

నీ నేత్ర


సాదలి,
18 జనవరి 2025.

అమ్మా నేత్రా,

పోయి వచ్చాను.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వు వచ్చింది, తర్వాత రాలేదు. ఇన్నేండ్లలో ఈ మాటను ఇంకెవరికి ఎట్లా రాశానో అని దిగులు పట్టుకుంది. మీ నాయనకు కూడా ఒకసారి రాశాను, తోట గొడవ అయినాక. "నువ్వు ఊరికి వచ్చేదానికి అవసరం లేదు, కోపం తగ్గినాక రా" అని. వాడు జవాబు రాయలేదు. అప్పటికి వాడు కర్నూలు పోయి చాలా ఏండ్లయింది. వాడు దాన్ని ఏ ఊరి తెలుగులో చదువుకున్నాడో నాకు తెలియదు. నేను అడగలేను. నువ్వు అడుగు.

పట్టుగూడు మార్కెట్టుకు పోయినాక చేతికి తీరిక వచ్చింది. మంచి చీర కట్టుకుని పోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ నోరు ఆడించాడు. నేను నీ ఉత్తరం చూపించాను, అందులో కాలేజీ సంగతంతా ఉంది కదా. వాడు తెలుగు అక్షరాలు చూసి తల గోక్కున్నాడు. ఆఖరికి ఆ జంగమకోటె పిల్ల వినుతను పిలిచాడు. నాకు చెవులు వినపడవంటే, ఆ పిల్ల చెప్పేదంతా ఫోన్లో కన్నడంలో పెద్ద అక్షరాలు చేసి చూపించింది. మొదట రాసింది ఏమంటే, జ్వరం తగ్గిందా అమ్మా అని. తగ్గింది, మళ్ళీ వచ్చే నెల వస్తుంది అన్నాను. ఆ పిల్లవాళ్ళింట్లోనూ పురుగులే. ఒక్క క్షణం చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది.

లోపల ఆ పాఠం మేడం, ఇంకొక ఆయన కూర్చున్నారు. మా కోడలి కోసం వచ్చాను అన్నాను. మేడం కండ్లు పెద్దవి చేసింది. పిల్లకు అప్పుడే పెండ్లి అయిపోయిందా అని రాయించింది. తమ్ముని కూతురు అని చెప్పేదానికి కొంచెం సేపు పట్టింది. మీ అమ్మాయి ఇక్కడ ఏం నేర్చుకోవాలి అనుకుంటున్నారు అని అడిగారు. "అది మీరు కదా చెప్పాల, నాకేం తెలుసు" అన్నాను. తర్వాత, ఆ పొద్దు మీరు ఒక ప్రశ్న అడిగితే మా పిల్ల గుర్తు లేదనింది కదా, అది అబద్ధం, జవాబు నేను చెబుతాను అన్నాను. వాన లేకుండా వాన విన్న సంగతి చెప్పాను. పురుగుల సంగతి, నాకు వినపడని సంగతి కూడా. మేడం ఏదో రాసుకుంది.

పిల్లలుండే గదులు చూశాను. కిటికీ తెరిస్తే కొండ. ఆ కొండకు ఆ పక్క మన ఊరి దారి. గదికి ఇద్దరే. అన్నం బాగుంది, పోసుకునే సారు చప్పగా ఉంది, నేను ఊరగాయ పెడతాను.

ఒకటి నిజం చెప్పాలి. రాత్రి దీపం ఆర్పినాక ఈ ఇంట్లో నేను ఉన్నానని చెప్పేదానికి ఏ చప్పుడూ లేదు, ఉన్నా నాకు తెలియదు. నువ్వు దగ్గరికి వస్తే బాగుంటుందని నాకోసమే అనుకుంటున్నాను, నీ చదువు కోసం కాదు. అది తెలుసుకునే దరఖాస్తు పెట్టు. పెట్టేదానికి మాత్రం అవసరం ఉంది. నా మాటలోనూ ఉంది, నీ మాటలోనూ ఉంది.

మీ అత్త,
చెన్నమ్మ


సాదలి,
20 ఏప్రిల్ 2025.

అత్తా,

నువ్వు వాకిట్లో కూర్చుని ఆకు తరుగుతున్నావు, నేను పురుగుల ఇంటి గడప మీద కూర్చున్నాను. మధ్యలో పది అడుగులు కూడా లేవు. అయినా రాస్తున్నాను. నోటితో చెబితే నీకు సగమే అందుతుంది, చేతులతో చెప్పేంత నాకు ఇంకా రాలేదు.

నిన్న వచ్చినప్పటి నుంచి నాన్న ఏమన్నాడని నువ్వు మూడు సార్లు అడిగావు. నేను తల ఊపి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను. కాలేజీలో సీటు వచ్చిందని చెప్పిన రోజు నాన్న సరే అనలేదు, కాదూ అనలేదు. నిన్న నన్ను దిగబెడతానని బాగేపల్లి దాకా బస్సులో వచ్చాడు. అక్కడ టీ తాగుతూ నీ పాత ఉత్తరం సంగతి అడిగాను. అది ఇంకా ఉందట. "నేను కర్నూలు తెలుగులోనే చదువుకున్నాను" అన్నాడు. "అక్క అక్కర్లేదంటోంది, సరే అనుకున్నాను. కోపం తగ్గినాక రా అని కింద ఉంది కదా, అది ఊరికే మర్యాదకు రాసిందనుకున్నాను." గ్లాసు కింద పెట్టి లేచాడు. నన్ను చింతామణి బస్సు ఎక్కించి, తను వెనక్కి కర్నూలు బస్సెక్కాడు. కిటికీలోంచి చూశాను, చెయ్యి ఎత్తలేదు. పదేళ్ళు పోయాక ఒక్కసారిగా రావడం నాన్నకు చేతకాదు అత్తా. నువ్వు ఎదురుచూడకు అని చెప్పలేను. చూడు అనీ చెప్పలేను.

కాలేజీ ఆగస్టులో. అక్కడ అందరూ అందరినీ పేరుతో పిలుస్తారు, అయినా నాకు భయంగా ఉంది. అంత చిన్న చోట ఒంటరిగా ఉంటే దాక్కోవడానికి కూడా ఉండదు. శనివారం సాయంత్రాలు ఇక్కడికి వస్తాను. ఆ రెండో కార్డు నీ దేవుడి గూట్లో పెట్టాను, చూశావో లేదో.

నాలుగో జ్వరం లేచింది. పొద్దున నువ్వు చెప్పినట్టే కాళ్ళూ చేతులూ కడుక్కుని, పౌడరు పూసుకోకుండా లోపలికి పోయాను. నువ్వు ఆకు వేసి బయటికి వచ్చాక నేను అక్కడే నిలబడ్డాను. మొదట ఏమీ లేదు. తర్వాత ఒక మూల మొదలైంది, దూరంగా ఎక్కడో చినుకులు పడుతున్నట్టు. అది తట్ట నుంచి తట్టకు పాకింది. కొంచెంసేపటికి గదంతా వాన. పెద్ద వాన కాదు అత్తా, ముసురు. ఆగకుండా, ఒకే తీరుగా. నడుమ ఒక్కో ఈనె తెగినప్పుడు చిటుక్కుమని చిన్న చప్పుడు, చూరు నుంచి బొట్టు పడినట్టు. నాకు ఏడేళ్ళప్పుడు ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లే ఉంది. ఏమీ పోలేదు. నువ్వు తట్ట అంచు మీద చెయ్యి పెట్టినప్పుడు నీ వేళ్ళ కింద అదురుతుండేది ఇదే.

ఇది చదివి మడిచి పెట్టుకో. ఆకు తరిగాక లోపలికి రా, రెండో వరుస తట్టలు కూడా విని చెబుతాను. అవసరం లేదు, నిదానంగా రా.

నేత్ర